పండక్కి ఇల్లంతా చుట్టాలు: అవ్వ నుంచి చంటోడి దాకా అందరూ ఆడే ఆటలు ఎంచుకోవడం ఎట్లా?

సంక్రాంతికి కడపలో ఇళ్లు నిండిపోతాయి. బెంగళూరు నుంచి కార్లో ఒక కుటుంబం, హైదరాబాదు నుంచి రైల్లో ఇంకో కుటుంబం, ప్రొద్దుటూరు నుంచి చిన్నాయన వాళ్లు, రాయచోటి నుంచి మేనత్త వాళ్లు దిగుతారు. మొదటి రోజు మాటలతోనే గడిచిపోతుంది. రెండో రోజు మధ్యాహ్నం ఓళిగలు తిని లేచాక చూడండి. మగవాళ్లు ఒక గదిలో పేకముక్కలు తీస్తారు. ఆడవాళ్లు గిన్నెల దగ్గరే ఉండిపోతారు. పిల్లలు తలా ఒక ఫోను పట్టుకుని మూలకు చేరతారు. అవ్వ గడప దగ్గర కూర్చుని, ఎవరైనా వచ్చి పలకరిస్తారేమోనని చూస్తుంటుంది. ఏడాదికోసారి కలిసినవాళ్లు ఒకే ఇంట్లో నాలుగు గుంపులైపోతారు.

ఈ గుంపులను కలపాలంటే ఆటను మించింది లేదు. కానీ ఏదో ఒక ఆట మొదలుపెడితే చాలదు. ఎంపికలో నేను పట్టుబట్టేది ఒక్కటే: ఆటలో చేరకుండా పక్కన మిగిలిపోయే మనిషి ఎవరో ముందు గుర్తించండి, ఆ మనిషికి సరిపోయే ఆట తీసుకోండి. హుషారుగా ఉండేవాళ్లు ఏ ఆట ఇచ్చినా ఆడతారు, వాళ్ల గురించి ఆలోచించాల్సిన పని లేదు.

1. ముందు మనుషుల లెక్క

పండక్కి రెండు రోజుల ముందే ఒక కాగితం మీద వచ్చేవాళ్ల పేర్లు రాసుకోండి. ప్రతి పేరు పక్కన వయసుతో పాటు ఇంకో మూడు సంగతులు రాయాలి. కింద కూర్చోగలరా? కళ్లు, చెవులు ఎట్లున్నాయి? తెలుగు చదవగలరా?

ఈ మూడో ప్రశ్న వెనకటి రోజుల్లో మన ఇళ్లలో అవసరం పడేది కాదు. ఇప్పుడు బెంగళూరులో చదివే పిల్లలు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చీటీ మీద రాసింది చదవలేరు. చీటీ తెలుగులో రాస్తే మనవడు ఆగిపోతాడు, ఇంగ్లీషులో రాస్తే అవ్వ ఆగిపోతుంది. కాబట్టి నోటితో, చేత్తో ఆడే ఆటలకు మొదటి చోటు ఇవ్వండి. చదవక తప్పని ఆటైతే మనవడినీ అవ్వనూ ఒక జతగా కూర్చోబెట్టండి. ఆ జత గెలిచినా ఓడినా ఇంట్లో అందరూ వాళ్లనే చూస్తారు.

కొత్తగా పెళ్లై వచ్చిన కోడలో అల్లుడో ఉంటే వాళ్ల పేరు కింద గీత గీయండి. వాళ్లకు ఇంట్లో సగం మంది పేర్లు తెలియవు. పాత సంగతుల మీద ఆధారపడే ఆటలు, అంటే "తాత ఏ సంవత్సరంలో ఆ ఎద్దులను కొన్నాడు" లాంటి ప్రశ్నలు, వాళ్లను బయటివాళ్లలా నిలబెడతాయి.

వంటింట్లో ఎవరుంటారో కూడా అదే కాగితం మీద రాయాలి. చాలా ఇళ్లలో ఆటలు సరిగ్గా ఆడవాళ్లు పనిలో ఉన్న వేళకే మొదలవుతాయి. తర్వాత "వాళ్లకు ఆటలంటే ఇష్టం ఉండదు" అనేస్తారు. ఇది నాకు అసలు నచ్చని మాట. ఆ రోజు మధ్యాహ్నం గిన్నెలు కడిగే పని మగపిల్లలకు, బావలకు అప్పజెప్పండి. అత్తమ్మ, వదిన చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాకే ఆట మొదలుపెట్టండి.

2. చోటు, వేళ

జనవరిలో మన దగ్గర మధ్యాహ్నం ఎండ 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, సాయంత్రం చల్లబడుతుంది. ఆరు దాటగానే చీకటి పడుతుంది. కాబట్టి పరుగులాటలు నాలుగున్నరకు, కూర్చునే ఆటలు ఆరు తర్వాత పెట్టుకోండి. ఎండాకాలం సెలవుల్లో కలిస్తే లెక్క వేరు. మే నెలలో 40 దాటే ఎండలో పిల్లలను బయటికి పంపకూడదు. పొద్దున ఎనిమిది లోపు, లేదంటే పొద్దు గుంకాక మాత్రమే.

ఇంటి నేల చూసి ఆట ఎంచుకోవడం చాలామందికి తట్టదు. మన ఇళ్లలో కడప నల్లబండలుంటాయి, కర్నూలు వైపు బేతంచెర్ల బండలు, అనంతపురం వైపు తాడిపత్రి బండలు. గీసి ఆడే ఆటలకు ఇంతకంటే మంచి నేల దొరకదు. నల్లబండ మీద సుద్దముక్కతో గీస్తే అవ్వకు కూడా గడులు స్పష్టంగా కనపడతాయి, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. కానీ నున్నటి బండ మీద నాలుగు చుక్కల నీళ్లు పడితే చాలు, కాలు జారుతుంది. అందుకే నిమ్మకాయ చెంచా, గ్లాసుతో నీళ్లు మోసే పందెం లాంటివి ఇంట్లో వద్దు, మట్టి వాకిట్లో పెట్టండి. పిల్లలు సాక్సులతో పరిగెత్తకుండా చూడండి.

మిద్దె మీద గాలి బాగుంటుంది, అందరికీ అక్కడికే పోదామనిపిస్తుంది. కూర్చుని ఆడే ఆటలైతే పోవచ్చు. కళ్లకు గంతలు కట్టే ఆటలు, పరుగులు, గాలిపటం పట్టుకుని వెనక్కి నడవడం మిద్దె మీద వద్దే వద్దు. పిట్టగోడ ఎత్తుందని ధైర్యం చెప్పుకోకండి.

3. మొదటి ఆటలో ఎవరూ ఓడిపోకూడదు

వచ్చీ రాగానే గెలుపోటముల ఆట పెడితే సిగ్గుపడేవాళ్లు ఆ నిమిషమే తప్పుకుంటారు. మొదటి పది నిమిషాలు నవ్వుకే ఇవ్వండి. నోరు తిరగని మాటలు దీనికి బాగా పనికొస్తాయి. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా" అని గుక్క తిప్పుకోకుండా మూడుసార్లు అనమనండి. "ఎర్ర లారీ, తెల్ల లారీ" చిన్నపిల్లలకు చాలు. ఇందులో పెద్దవాళ్ల నాలుకే ముందు మడత పడుతుంది, పిల్లలకు అదే సంబరం.

దాని తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైనది చుట్టరికాల ఆట. సామాను అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. పెద్దవాళ్లలో ఒకరు అడుగుతారు: "ఏ అబ్బీ, మీ నాయన వాళ్లమ్మకు తమ్ముడున్నాడు కదా, ఆయన కోడలు నీకేమైతాది?" పిల్లవాడు వేళ్ల మీద లెక్క వేసుకోవాలి. అవ్వ తమ్ముడు వాడికి తాత వరస. ఆయన కొడుకు నాయనకు మేనమామ కొడుకు, అంటే నాయనకు బావ వరస, కాబట్టి వాడికి మామ. మామ భార్య అత్త. సరే, ఇప్పుడు అదే ప్రశ్న అమ్మ వైపు నుంచి అడగండి: "మీ అమ్మ వాళ్లమ్మ తమ్ముడి కోడలు?" పిల్లలందరూ "అత్త" అని అరుస్తారు. తప్పు. అమ్మకు మేనమామ కొడుకు బావ వరస, అమ్మకు బావ అయినవాడు వీడికి పెదనాయనో చిన్నాయనో అవుతాడు, ఆయన భార్య పెద్దమ్మో చిన్నమ్మో అవుతుంది. ఒకే ప్రశ్నకు ఇటు అత్త, అటు చిన్నమ్మ. ఇక్కడ పెద్దవాళ్లలో కూడా వాదన మొదలవుతుంది, కొత్త కోడలు కూడా తన వైపు లెక్క చెప్పడానికి ముందుకొస్తుంది.

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒక్కోసారి ఒకే మనిషి రెండు వరసల్లో వస్తుంది. అప్పుడు రెండూ ఒప్పే. తీర్పు అవ్వకు వదిలేయండి. ఈ ఆటలో ఆమె మాటకు తిరుగుండదు. ఎవరి వరస అడిగారో ఆ మనిషి ఆ గదిలోనే ఉంటే ఇంకా బాగుంటుంది, సరిగ్గా చెప్పిన పిల్ల పోయి ఆమె చేయి పట్టుకోవాలని నియమం పెట్టండి.

4. అసలు ఆట: ఒకటే, అందరికీ

సాయంత్రానికి పెద్ద ఆట ఒకటి చాలు. మూడు నాలుగు పెట్టుకుంటే ఏదీ నిండదు. 15 మంది పైన ఉన్న ఇంట్లో నేను చెప్పేవి మూడు: హౌసీ, అంత్యాక్షరి, మూగ సైగల ఆట. మీ కాగితం చూసి వీటిలో ఒకటి తీసుకోండి.

మాట్లాడటానికి సిగ్గుపడేవాళ్లు, కొత్తవాళ్లు ఎక్కువ ఉంటే హౌసీ. తంబోలా అన్నా ఇదే. ఒక్కో టికెట్లో మూడు వరసలు, వరసకు ఐదు చొప్పున 15 అంకెలు ఉంటాయి. పిలిచేవాళ్లు 1 నుంచి 90 దాకా ఉన్న అంకెల్లో ఒక్కోటి తీసి చెబుతారు, అది తమ టికెట్లో ఉన్నవాళ్లు కొట్టేస్తారు. ముందుగా ఐదు అంకెలు కొట్టినవాళ్లకు ఒక బహుమతి, తర్వాత పై వరస, మధ్య వరస, కింది వరస, నాలుగు మూలలు, చివరికి ఫుల్ హౌస్, అంటే టికెట్లోని 15 అంకెలూ. టికెట్ల పుస్తకం ఫ్యాన్సీ షాపుల్లో, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. పెన్నుతో కొట్టేయకుండా అంకెల మీద చింతగింజలు పెట్టించండి, అవే టికెట్లు మళ్లీ పనికొస్తాయి.

ఇందులో పిలిచేవాళ్ల చేతిలోనే అంతా ఉంది. ప్రతి అంకెనూ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పండి: "అరవై ఏడు, సిక్స్టీ సెవెన్." అవ్వకూ అందుతుంది, యాభై దాటితే తెలుగు అంకెలు తడబడే పిల్లలకూ అలవాటవుతుంది. 20 టికెట్లున్న ఆటలో ఫుల్ హౌస్ రావాలంటే సుమారు 70 అంకెల పైన పిలవాల్సి వస్తుంది. అంటే కబుర్లతో కలిపి 20 నిమిషాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. కాబట్టి రెండు ఆటలకు మించి వద్దు. ఎవరైనా పొరపాటున ముందే "అయింది" అని అరిస్తే, మొదటిసారి ఊరుకోండి. చిన్నపిల్లల టికెట్టు చించేస్తే వాళ్ల పండగ అక్కడే అయిపోతుంది.

డబ్బులు పెట్టి ఆడొద్దు. పది రూపాయలే కదా అని మొదలై, రాత్రికి పేకాట దాకా పోతుంది. అన్నదమ్ముల మధ్య మాట పెరగడానికి అంత చాలు. బహుమతులుగా చెనిక్కాయల ఉండలు, మురుకుల పొట్లాలు, స్టీలు గిన్నెలు పెట్టండి. పెద్ద బహుమతి ఒకటే పెట్టడం కంటే చిన్నవి ఎక్కువ పెట్టడం మేలు.

ఇంట్లో పాడేవాళ్లుంటే అంత్యాక్షరి. నియమాలు ముందే తేల్చుకోకపోతే ఇది గొడవకు దారి తీస్తుంది, ఎందుకంటే తెలుగు పాటలు ల, ర, న, వ అక్షరాలతోనే ఎక్కువగా ముగుస్తాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి అందరి దగ్గరా ఆ పాటలు అయిపోతాయి. అందుకని ఇట్లా పెట్టుకోండి. పల్లవి చివరి హల్లు మాత్రమే లెక్క, దాని గుణింతం ఏదైనా పర్వాలేదు. ళ వస్తే ల, ణ వస్తే న. ఒకే అక్షరం వరసగా మూడుసార్లు వస్తే దాని ముందు అక్షరం తీసుకోవాలి. కనీసం రెండు పంక్తులు పాడాలి, ఒకరు అందుకుంటే జట్టంతా కలవాలి.

ఇంకో నియమం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం: సినిమా పాటలే కావాలని అనకండి. గొబ్బి పాటలు, మంగళహారతులు, పెళ్లి పాటలు, చెక్కభజన పాటలు, తత్వాలు, బడిలో నేర్చుకున్న పద్యాలు అన్నీ చెల్లుతాయని ముందే ప్రకటించండి. ఆ ఒక్క మాటతో అవ్వ జట్టులో అందరికంటే బలమైన మనిషి అవుతుంది. బెంగళూరు పిల్లలకు తలా ఒక కన్నడ పాటో హిందీ పాటో అనుమతించండి. పాట మధ్యలో మరిచిపోతే ఫోన్లో వెతకడం కుదరదు.

యువకులు ఎక్కువుంటే మూగ సైగల ఆట, దమ్ షరాజ్ అంటారే, అది. మామూలుగా ఎదుటి జట్టు సినిమా పేరు ఇస్తుంది. ఎవరూ వినని పేర్లు వెతికి మరీ ఇస్తారు, ఆట అక్కడే చచ్చిపోతుంది. చీటీలన్నీ ఒకే మనిషి, ఆ మనిషి ఏ జట్టులోనూ లేకుండా, ముందే రాయాలి. పెద్దవాళ్లుంటే సినిమాల బదులు సామెతలు పెట్టి చూడండి. "పిల్లికి ఎలుక సాక్ష్యం", "కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు", "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు", "ఆడలేక మద్దెల ఓడన్నట్టు." నటించడం కుర్రవాళ్లు, చెప్పడం పెద్దవాళ్లు. ఒక్కొక్కరికి 90 సెకన్లు. పెదవులు కదపకూడదు, గదిలో ఉన్న వస్తువును వేలితో చూపకూడదు. చీటీ చదవలేని పిల్లల చెవిలో సామెత చెప్పండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూర్చునే నటించవచ్చని కూడా చెప్పండి.

5. పరుగులాటలు

వాకిలి ఉంటే ఏడు పెంకులాట చాలు. పగిలిన పెంకులు ఏడు, ఒక మెత్తటి బంతి. టెన్నిస్ బంతి దగ్గర నుంచి తగిలినా నొప్పే, చిన్నపిల్లలుంటే స్పాంజి బంతి వాడండి.

కుర్చీలాట అందరూ అడుగుతారు. ప్లాస్టిక్ కుర్చీలు బండల మీద జారిపోతాయి, ఇద్దరు ఒకేసారి కూర్చోబోతే కుర్చీ కాళ్లు విరుగుతాయి. కుర్చీల బదులు సుద్దతో గుండ్రాలు గీసి, పాట ఆగగానే గుండ్రంలో నిలబడమనండి. ఔటైనవాళ్లను గోడ పక్కకు పంపకుండా పని ఇవ్వండి: మొదట ఔటైనవాళ్లు పాట ఆపాలి, రెండోవాళ్లు గుండ్రం చెరపాలి, మూడోవాళ్లు తీర్పు చెప్పాలి. ఔటైన పిల్లలు ఊరికే కూర్చుంటే మళ్లీ ఫోను తీస్తారు, ఆ తర్వాత వాళ్లను వెనక్కి తేవడం కష్టం.

6. మూలల్లో చిన్న ఆటలు

పెద్ద ఆట ఇష్టం లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను బలవంతపెట్టకండి. బండ మీద అష్టాచెమ్మా గీసి పెట్టండి. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గడులు, నడిమి గడిలోనూ నాలుగు పక్కల నడిమి గడుల్లోనూ అడ్డగీతలు. నాలుగు గవ్వలు కావాలి. గవ్వలు లేకపోతే చింతగింజలను బండకు ఒక పక్క అరగదీస్తే తెల్లగా వస్తుంది, అవి చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. అడ్డగీతల గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. లోపలి వరసలోకి పోవాలంటే ఎదుటివాళ్ల కాయ ఒకటైనా చంపి ఉండాలా, అక్కర్లేదా అనేది ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. మొదలుపెట్టే ముందే తేల్చుకోండి.

తాతకు పులి-మేక ఇవ్వండి. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేకను దూకి చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టేయాలి. పటం గీయడం తాతకే వదిలేస్తే మనవడు పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. మొదటి ఆటలో పిల్లవాడికి పులులు ఇవ్వండి. మేకలతో గెలవడానికి ఓపిక కావాలి, అది రెండో రోజుకు వస్తుంది.

కళ్లు సరిగా కనపడనివాళ్లు ఉంటే వాసన ఆట పెట్టండి, ఇది తప్పకుండా చేయదగ్గది. జీలకర్ర, మెంతులు, ధనియాలు, ఇంగువ, వాము, యాలకులు, కాఫీ పొడి ఒక్కోటి చిన్న గుడ్డలో మూట కట్టండి. అందరికీ కళ్లకు గంతలు కట్టి వాసన చూపించండి. ఇందులో చూపు తక్కువున్న అవ్వ అందరితో సమానం, చాలాసార్లు అందరికంటే ముందు. కారప్పొడి, మిరియాల పొడి మాత్రం పెట్టకండి.

ఓళిగలు ఒత్తుతున్న వంటింట్లోకి పొడుపు కథలు తీసుకెళ్లండి. "తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుకుంటారు" అని పిల్లలను అడగనిచ్చి, జవాబు పని చేస్తున్నవాళ్లను చెప్పనివ్వండి. పుస్తకం అన్నా, అక్షరాలు అన్నా ఒప్పుకోండి.

7. జట్లు, మాటలు

కుటుంబాల వారీగా జట్లు కట్టొద్దు. పెద్దన్న వాళ్లు ఒక వైపు, చిన్నన్న వాళ్లు ఒక వైపు అయితే పొలం గట్టు గొడవ కూడా ఆటలోకి వస్తుంది. పుట్టిన నెల సరి సంఖ్యా బేసి సంఖ్యా అని విడదీయండి, లేదా చీటీలు తీయండి. భార్యాభర్తలు వేరువేరు జట్లలో పడితే సందడి పెరుగుతుంది. నాయకత్వం పదేళ్ల పిల్లలకు ఇవ్వండి, పెద్దవాళ్లు వాళ్ల మాట వింటారు.

లావు, రంగు, మార్కులు, పెళ్లి కాకపోవడం, ఉద్యోగం లేకపోవడం, పిల్లలు లేకపోవడం మీద నటనలూ వద్దు, ప్రశ్నలూ వద్దు. ఆట నడిపేవాళ్లు ఈ మాట మొదట్లోనే అందరి ముందూ చెప్పాలి. తర్వాత ఎవరైనా అంటే "ఆ చీటీ చెల్లదు" అని తీసేయాలి. నిజం చెప్పు లేదా పని చెయ్ లాంటి ఆటలు ఈడువాళ్ల మధ్య బాగుంటాయి గానీ, అత్తమామల ముందు కోడలిని నిలబెట్టి ఆడించేవి కావు.

8. కనుమ సాయంత్రానికి ఒక వరస

ఇరవై, ఇరవై ఐదు మంది ఉన్న ఇల్లనుకుందాం. నాలుగున్నరకు వాకిట్లో పిల్లలకు ఏడు పెంకులాట, అరుగు మీద పెద్దవాళ్లకు టీ, బొరుగులు. ఐదుంబావుకు గుండ్రాలాట, ఇందులో చిన్నాయనలు, అత్తలు కూడా దిగాలి. చీకటి పడ్డాక కాళ్లు కడుక్కుని లోపలికి. నోరు తిరగని మాటలు, చుట్టరికాల ఆట అరగంట. తర్వాత పెద్ద ఆట ముప్పావు గంట. ఆ పక్కనే బండ మీద అష్టాచెమ్మా గీసి ఉంటుంది, కావలసినవాళ్లు అటు పోతారు. అన్నాలకు పిలిచేలోపు ఆపేయండి, ఇంకో చుట్టు అని పిల్లలు బతిమాలినా సరే. ఆ మిగిలిన చుట్టు మరుసటి రోజు పొద్దునకు ఉంటుంది.

చేతిలో ఎప్పుడూ ఇంకో ఆట సిద్ధంగా ఉంచుకోండి. మొదలుపెట్టిన పది నిమిషాలకు ఇద్దరు లేచి పోతే ఆ ఆట ఈ ఇంటికి పట్టలేదని అర్థం. ఎవరినీ నిందించకుండా "సరే, ఇది చాలు" అని మార్చేయండి. కరెంటు పోతే ఫోను లైటులో హౌసీ సాగదు, అంత్యాక్షరి సాగుతుంది. కాబట్టి హౌసీ ఎంచుకున్నా పాటల నియమాలు ముందే అందరికీ చెప్పి ఉంచండి.